రెండొందలో మనిషి

మీరే చెప్పుండ్రి సారూ, సీటీ ఊదితె లేసి నిలవడుడు తప్పెట్లయితది? సైటు మీద సీటీ అంటే ఒక్కటే ముచ్చట. చేతుల ఉన్నది కింద పెట్టాలె, ఇద్దరిద్దరు లైను కట్టాలె, జేబుల కార్డు బయటికి తియ్యాలె, తలకాయల లెక్క అయినంక బస్సెక్కాలె. ఆడ ఫోర్‌మన్ ఊదుతడు, ఈడ రెఫ్రీ ఊదిండు. ఊదింది ఎవలో చెవికేం ఎరుక?

లేదు లేదు, ఎకసక్కెం చేస్తలేను. లీగ్ ఆఫీసు నుంచి ఇంత దూరం వచ్చిండ్రు మీరు. వేణుగోపాలరావు సారంటె తెలుగాయనే, మనం చెప్పేది ఇంటడు అని బస్సు డ్రైవర్ ఖుత్బుద్దీన్ భాయ్ చెప్పిండు. గందుకే మనసుల ఉన్నది ఉన్నట్టు మాట్లాడుతున్న. కూసోండ్రి. ఆ కుర్సి వద్దు, దాని కాలు ఇరిగింది. ఈ బంతుల పెట్టె మీద కూసోండ్రి, గట్టిగ ఉంటది. సులేమాని చాయ్ ఉన్నది, పొయ్యాల్నా?

సారూ, ఒక్క నిమిషం. బయట గ్రౌండుకు నీళ్లు ఇడిసి వచ్చిన. గోల్‌పోస్టు దిక్కు వాల్వు బందువెట్టి ఉరికొస్త. రెండు నిమిషాలే.

వద్దా. ముందు ఈ కాయిదం సంగతి అయిపోవాలెనా. సరే తియ్యుండ్రి. కూసున్న.

మల్లొక్కసారి సదవుండ్రి. ఇంగ్లీషుల కాదు, ఇందాక తెలుగుల చెప్పిండ్రు సూడుండ్రి, అట్ల. "హన్మాండ్లు అనే నేను, కాలేజీలో ఎవ్వరికీ తెలియకుండా, నా అంతట నేనే, లేబర్ క్యాంపు నుంచి మనుషుల్ని తీసుకొచ్చి ప్రేక్షకుల సీట్లలో కూర్చోబెట్టాను." ఎంత మంచిగ రాసిండ్రు సారూ. మీ గోదారి దిక్కు తెలుగు ఇంటుంటె, చెయ్యని తప్పు గూడ చేసిన్నేమో అనిపిస్తది.

ఎవ్వరికీ తెలియకుండానట. రెండొందల మందిని నేను అంగీ జేబుల పెట్టుకొని తెచ్చిన్నా? మూడు ట్రిప్పులు వచ్చింది బస్సు. రెండొందల పచ్చ టీషర్టులు, రెండొందల బిర్యానీ పొట్లాలు. గేటు కాడ ఆటల ఇన్‌చార్జి ఆనందరావు సారే నిలవడి ఒక్కొక్కల్ని లెక్కవెట్టుకున్నడు. ఇయ్యాల ఆ సారు నన్ను సూసి మొకం గోడ దిక్కు తిప్పుకొని పోయిండు. తప్పు వట్టను. ఆయనకూ నౌకరి ఉన్నది. ఐన్ ఖాలిద్‌ల ఫ్లాటు, ఇద్దరు పిల్లలు స్కూలు.

నేను అడిగేది ఒకటే. అసలు ఈ రెండొందల లెక్క ఎవలు పెట్టమన్నరు?

మీ లీగ్‌ల ఎనిమిది కాలేజీలు. ఏడు పెద్దయి. ఒక్కో దాంట్ల వేల మంది పిల్లలు, పెద్ద పెద్ద లైట్లు, గ్యాలరీల మీద నీడకు కప్పులు. ఎనిమిదోది మాది. చిన్న ప్రైవేటు కాలేజి, అంత కలిపితె మూడొందల మంది. అండ్ల సగం మందికి శుక్రవారం గూడ లైబ్రరీనే. పోయినేడు దాంక ఎవలకూ ఏం రంధి లేదు. మేము ఓడిపోతుంటిమి, వాళ్లు గెలుస్తుంటిరి, అందరు సల్లగుంటిరి.

ఈ యేడు మ్యాచులు టీవీల వచ్చుడు షురువైంది. ఇగ ఆ పెద్ద కాలేజీలోళ్లకు మా ఖాళీ కుర్సీలు కండ్లల్ల వడ్డయి. ఒక్కో మ్యాచుకు రెండొందల మంది రావాలె, లేకుంటె లీగ్ నుంచి బయటికి, అని రూలు వెట్టిండ్రు. చిన్న కాలేజితోని ఏం ఫాయిద అన్నరట మీటింగుల. ఆ మీటింగుల మీరు గూడ ఉన్నరంట గదా. అవునా? అంటె ఇన్నరు.

ఫాయిద నేను చెప్త. నాకు సదువు రాదు, కని ఆరేండ్ల సంది ఈ గ్రౌండు చుట్టు కట్టిన తాడు పక్కన నిలవడి సూస్తున్న.

ఎనిమిది మంది ఉంటె ప్రతి శుక్రవారం నాలుగు మ్యాచులు అయితయి, అందరు ఆడుతరు. మమ్ముల తీసేస్తె ఏడుగురు. వారానికొకడు ఉత్తగ కూసోవాలె. ఇది ఒకటి. ఆఖరునున్నోన్ని తీసేస్తె లీగ్ మంచిగయితదంటరు. ఆఖరోడు పోతె ఆఖరు జాగ పోతదా సారూ? దాని పైనోడు వచ్చి అండ్ల కూసుంటడు. వచ్చే యేడు వాన్ని గూడ తీసేస్తరా?

ఇంకోటి. యేడాదికోసారి మీరు పుస్తకం అచ్చేస్తరు గదా, మెరుస్తుంటది. దాంట్ల ఒక పేజీల ఆటగాళ్ల సదువు మార్కులు ఉంటయి. ఖుత్బుద్దీన్ భాయ్ సదివి చెప్పిండు. అందరికన్న పైన మా పోరగాళ్లే. వాళ్ల మార్కులు కలుపుకొనే గదా, మా లీగ్ పిల్లలు ఆటలనే కాదు, సదువుల గూడ ముంగటనే అని మీరు చెప్పుకునేది. మార్కులకు మేము కావాలె, టీవీకి వద్దు.

నవ్వుండ్రి, మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు. ఎవలు సూడరు.

నీళ్ల సప్పుడు ఇనవడుతుందా? గోల్‌పోస్టు కాడ గుంత ఉన్నది, ఆడ నిలుస్తున్నయి. నిలిస్తె వేరు కుళ్లుతది. ఈ ఉసికె దేశంల ఆ గడ్డి అంత తొందర రాదు సారూ. ఊర్ల ఇరవై ఏండ్లు వరిల గడ్డి పీకిన, ఈడికొచ్చి గడ్డి పెంచుతున్న. మా సాయవ్వకు ఫోన్ల చెప్తె, బీడీలు చేసుకుంటనే నవ్వవట్టింది. "దుబాయోళ్లకు గడ్డి గావాల్నా, మన చేన్లకు రమ్మను, ఉత్తగనే ఇస్త" అన్నది. ఇది దుబాయ్ కాదే, ఖతర్ అంటె ఇనది. ఊరోళ్లకు మాత్రం మా ఆయన ఫుట్‌బాల్ కాలేజిల ఉంటడు అని చెప్పుకుంటది.

మనుషులు ఎట్ల వచ్చిండ్రో చెప్పుమంటరా. చెప్త. అబద్ధం చెప్ప.

మా గోల్‌కీపర్ ఫహద్ అని ఉన్నడు. హైదరాబాదోళ్ల పిలగాడు, ఈడనే పుట్టిండు. ఒకనాడు నాలుగు గోల్సు తిన్నరు, కని అయిదోది పడనియ్యలే. ఎట్ల ఆపిండు అనుకున్నరు, ఇట్ల అడ్డం వడి, రెండు చేతులతోని. మొత్తం గ్రౌండుల చప్పట్లు కొట్టింది నేనొక్కన్నే. చేతుల సున్నం డబ్బా ఉండె, అది కింద పెట్టి కొట్టిన. మ్యాచు అయినంక నా దిక్కు వచ్చి, "శుక్రియా చాచా, మీరు లేకుంటె ఆపిన్నో లేదో నాకే తెల్వకపోవు" అన్నడు.

ఆ మాట కడుపుల వడ్డది. గదే తప్పు.

వచ్చే శుక్రవారం మా రూములోళ్లను పది మందిని తీసుకొచ్చిన. వాళ్లు ఏషియన్ టౌనుకు సినిమాకు పోవాల్నని బయలెల్లిండ్రు. బతిమాలి తెచ్చిన. అండ్ల భూమేష్ అని ఒకడు, మా పక్కూరోడు, వచ్చి ఎనిమిది నెలలైంది. వాడు రాంగనే చెప్పులు ఇడిసి గడ్డి మీద కాళ్లు పెట్టిండు. "మామా, జర సేపు ఇట్లనే ఉండనియ్యి" అన్నడు. వాన్ని జూసి అందరు చెప్పులు ఇడిసిండ్రు. పది మంది వరుసగ గడ్డి మీద పాదాలు పెట్టుకొని కూసున్నరు. మ్యాచు ఏడ సూసిండ్రు వాళ్లు, మొదటి రోజు.

అంటె, ఆ మొదటి పది మందిని తెచ్చింది నేనే. నా అంతట నేనే. గది నిజమే సారూ. మీ కాయిదంల ఉన్నది అంత అబద్ధం అన, పదిమందికి నిజం, నూట తొంభైకి అబద్ధం.

ఆనందరావు సారు సూసిండు. "హన్మాండ్లూ, మీ క్యాంపులో ఎంతమందుంటారు?" అని అడిగిండు. ఆరువందలన్న. ఆ సారు మొకంల అప్పుడు వెలుగు వచ్చింది సూడుండ్రి, మా పోరగాళ్లు గోలు కొట్టినప్పుడు గూడ అట్ల రాలే.

రెండు వారాలు బిర్యానీకే వచ్చిండ్రు, నేనెందుకు దాచాలె. పచ్చ అంగీల మనోళ్ల దిక్కు బంతి పోతె చప్పట్లు కొట్టుండ్రి అని చెప్పిన. మూడో వారం సంది చెప్పాల్సిన అవసరం రాలే. ఆఫ్‌సైడంటె ఏంది మామా అని అడుగుడు షురు చేసిండ్రు. సైటు మీద దినమంత ఇదే ముచ్చట. ఆ ఏడో నంబరోడు ఎడమ కాలుతోని కొట్టాల్సింది, ఫహద్‌కు చేతులకు మంచి తొడుగులు కొనియ్యరాదా, ఇట్ల. ఒకనాడు ఓడిపోతె భూమేష్ క్యాంపుకు వచ్చి అన్నం తినలే. బిర్యానీ పొట్లం గూడ ఇప్పలే.

ఇసుంటోళ్లను లెక్కకు రారంటున్నరు మీరు. ఇష్టముండి, తమంతట తాము వచ్చినోళ్లే లెక్క, బస్సుల తెచ్చినోళ్లు కాదు, అని రూలు ఉన్నదంటరు. సారూ, ఒక్కటి అడుగుత, తప్పువట్టకుండ్రి. ఈ దేశంల మేము బస్సుల తేకుంట ఏడికి వోయినం? డ్యూటీకి బస్సు, దవాఖానకు బస్సు, ఏషియన్ టౌనుకు బస్సు. యల్లా అంటె ఎక్కాలె, యల్లా అంటె దిగాలె. మాకు ఇష్టం ఉన్నదా లేదా అని ఇన్నేండ్లకు మీ రూలే అడిగింది.

టైము అయితున్నదా. చెప్త, మొన్నటి సంగతి చెప్త.

మొన్న మీ ఆఫీసాయన వచ్చిండు, చేతుల లెక్కపెట్టే మిషిని పట్టుకొని. టీవీ కెమెరా గూడ వచ్చింది. అన్నిటికన్న పెద్ద కాలేజి మీద మ్యాచు. సగం ఆట అయ్యేసరికి మేము ఒకటి, వాళ్లు సున్న. మూడేండ్ల సంది ఒక్క మ్యాచు గెలవలే సారూ మా పోరగాళ్లు. రెండొందల మంది గొంతులు చింపుకుంటుంటిరి. మీ ఆఫీసాయన గూడ మిషిని వత్తుడు మరిచిపోయి సూస్తుండె.

అప్పుడు రెఫ్రీ సగం ఆట సీటీ ఊదిండు. పొడుగ్గ. మా ఫోర్‌మన్ ఊదినట్టే.

మీరు ఫోన్ల సూసే ఉంటరు. రెండొందల మంది ఒక్కపారే లేసిండ్రు. ఒక్క మాట లేదు, ఒక్క తోపులాట లేదు. ఇద్దరిద్దరు గేటు దాంక లైను. జేబులల్లకెల్లి కార్డులు తీసి చేతుల పట్టుకున్నరు. లెక్కవెట్టనీకి ఎవడొస్తడా అని నిలవడ్డరు. పచ్చ టీషర్టులేసుకొని.

మీ ఆఫీసాయన ఫొటో తీసుకున్నడు. తియ్యడా మరి.

ముందు వారాలు ఎందుకు లేవలేదంటరా? అగో, మంచి మాట అడిగిండ్రు. ముందు వారాలు నేను తాడు పక్కన వాళ్లకు ఎదురుంగ నిలవడేటోన్ని. సీటీ పడంగనే చెయ్యి ఇట్ల కిందికి అనేటోన్ని. కూసోండ్రి అని. నా చెయ్యి సూసి కూసునేటోళ్లు. మొన్న నేను ఆడ లేను. వేరే పని వడ్డది.

ఏం పనో ఎందుకు సారూ ఇప్పుడు. వడ్డది.

ఎన్నిసార్లు చెప్పిన్నో వాళ్లకు. సీటీ పడితె లేవకుండ్రి, ఇది సైటు కాదు, ఇది ఆట అని. గా భూమేష్ గాడు లేసినట్టుంది ముందుగాల, వాన్ని జూసి అందరు లేసిండ్రు. వానికి సోయి ఉండదు. కొత్తోడు.

మల్ల వచ్చి కూసున్నరు, కని సిగ్గుతోని తలకాయలు ఎత్తలే. ఆట గెలిచినం సారూ. ఒకటి సున్న. ఫహద్ ఆఖరు నిమిషంల ఇంకోటి ఆపిండు, దునికి, ఒక్క చేత్తోని. చప్పట్లు కొట్టనీకి ఒక్కనికి గూడ చెయ్యి రాలే. ఆ పిలగాడు గ్యాలరీ దిక్కు సూసిండు, మల్ల నా దిక్కు సూసిండు. అప్పుడు నేను గూడ కొట్టలే.

ఇప్పుడు ఈ కాయిదం. నేను సంతకం పెడితె కాలేజికి తెల్వదన్నట్టు. ఒక వార్నింగు ఇచ్చి లీగ్‌ల ఉంచుతరు, గెలిచిన మ్యాచు గెలిచినట్టే ఉంటది. నన్ను మాత్రం గ్రౌండు నుంచి తీసేస్తరు. కంపెనీ నన్ను మల్ల మెసయీద్ క్యాంపుల ఏస్తది. తొమ్మిదేండ్లు చేసిన ఆడ, ప్లాంటు పని. మోకాళ్లు ఆడనే అరిగినయి. అవి అరిగినయనే నన్ను ఈ గడ్డి మీద ఏసిండ్రు.

పెట్టకపోతె కాలేజిని తీసేస్తరు. ఆట లేని గ్రౌండు ఎందుకని కార్లు నిలవెట్టనీకి చేస్తరట, నకాశ గూడ గీసిండ్రట. గడ్డి మీద డాంబర్ వోస్తరు. అప్పుడు గూడ నేను మెసయీదే. అంటె సంతకం పెడితె నేను పోవాలె, పెట్టకుంటె గ్రౌండు పోవాలె, దాని ఎన్క నేను పోవాలె. నాకు ఏది ఇడిసిపెట్టిండ్రు సారూ ఎంచుకొనీకి?

కంపెనీ మారొచ్చు గదా అంటరు. మారొచ్చు, కాయిదం మీద. యాభై రెండేండ్లోన్ని, మోకాళ్లు లేనోన్ని, ఎవలు తీసుకుంటరు? ఇంటికి వోవచ్చు. ఊర్ల నా పేరు దుబాయ్ హన్మాండ్లు. దుబాయ్ తీసేస్తె ఉత్త హన్మాండ్లు ఎవలో, ఆ ఊరికే యాదికి లేదు. నాకే సరిగ యాదికి లేదు.

పెడత. పెన్ను ఇయ్యుండ్రి. పెడత అంటున్న గదా.

ఏం రాస్తుండ్రు సారూ? కింద ఏం రాస్తుండ్రు?

భూమేష్ పేరా? వాని పేరెందుకు?

లైనుల ముందున్నోని పేరు గూడ కావాల్నా? నేను తెచ్చినోన్ని, వాడు నడిపించినోడా? ఇద్దరి పేర్లు ఉంటె గట్టిగుంటదంటరా. సారూ, ఆగుండ్రి. నేనేదో మాటల అన్న. వాడు లేసిండని నేను సూడలే, లేసినట్టుంది అన్న. వచ్చి ఎనిమిది నెలలు సారూ. వీసకు పెట్టిన పైసలే ఇంక తీరలే వానియి. కొట్టెయ్యుండ్రి ఆ పేరు.

ఫొటోల ముందు ఒకడు ఉన్నడు గదా, వాడు ఎవడో చెప్పుమంటరు. మీ ఫోన్ ఇటు తిప్పుండ్రి. జర పెద్దగ చెయ్యుండ్రి.

వీపే కనవడుతుంది. టీషర్టు ముందుది ఎన్కకు తిరుగేసుకున్నడు సూడుండ్రి, తొందరల.

సారూ, మొన్న గేటు కాడ ఆనందరావు సారు లెక్కవెడితె నూట తొంభై తొమ్మిది వచ్చింది. ఒకడు జరమొచ్చి రాలే. మీ ఆఫీసాయన మిషిని పట్టుకొని లోపటికి వస్తనే ఉన్నడు. సారు నా దిక్కు సూసి ఒక టీషర్టు ఇసిరిండు. "హన్మాండ్లూ, నువ్వెళ్లి కూర్చో" అన్నడు. యూనిఫాం మీదికెల్లి ఏసుకున్న. గేటు పక్కన ఆఖరు కుర్సి ఖాళీగుండె, పోయి కూసున్న. గదే ఆ వేరే పని.

ఆరేండ్లల్ల మొదటిపారి సారూ, కుర్సీల కూసొని ఆట సూసుడు. నిలవడి సూస్తె వేరే, కూసొని సూస్తె వేరే. గోలు పడ్డప్పుడు నా పక్కోన్ని గట్టిగ పట్టుకున్న, వాడెవడో గూడ నాకు తెల్వది. నా గడ్డి ఎట్ల కనవడుతదో ఆడికెల్లి, నేను ఎన్నడు సూడలే.

మల్ల సీటీ పడ్డది.

ఆరేండ్ల సంది రెఫ్రీ సీటీ ఇంటున్న. వారం వారం వాళ్లకు చెయ్యి కిందికి సూపెట్టి కూసోవెట్టినోన్ని నేను. సగం ఆట అంటె ఏందో ఆ రెండొందల మందిల అందరికన్న ఎక్కువ తెలిసినోన్ని నేను. నా కాళ్లకు అదేం తెల్వదు సారూ. నన్ను అడగలే అవి. లేసినయి, గేటు కాడికి నడిసినయి. కార్డు తీసి చేతుల పట్టుకున్నంక గని నేనేడున్ననో నాకు సమజ్ కాలే. ఎన్కకు తిరిగి సూసిన. అందరు నా ఎన్క నిలవడ్డరు. భూమేష్ ఏడనో నడుమ ఉన్నడు, వానికి నేను పెద్దోన్ని గదా, మామ లేసిండు అని లేసిండు.

ఆ వీపు నాది.

కొట్టేసిండ్రా వాని పేరు? సూపెట్టుండ్రి. ఆ, మంచిది.

నేను చెప్పిందంత రాయనీకి అండ్ల జాగ లేదా. వద్దు తియ్యుండ్రి, అదెందుకు కాయిదంల. ఈడ పెట్టాల్నా, ఈ గీత మీద? హ, న్మాం, డ్లు. ఇంగ్లీషుల రాదు సారూ నాకు, తెలుగు నడుస్తది గదా.

ఇగోండ్రి. అయిపోయింది.

బయట నీళ్లు ఇంక పారుతనే ఉన్నయి. ఇగ నేను లేవొచ్చా సారూ?